కౌలు రైతు పంట నష్టం డబ్బు ఎవరి ఖాతాలో పడిందో ఎలా తెలుసుకోవాలి?

అందరికీ నమస్కారం. మాది బాపట్ల జిల్లా. నాన్న మూడెకరాలు కౌలుకు చేస్తారు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను ఇక్కడే తీరం దాటింది. అప్పటికి కోసిన వరి పనల మీదే ఉంది, నీళ్లలో నాని మొలకలొచ్చేసింది. పంట నష్టం 33 శాతం దాటితే ప్రభుత్వం పెట్టుబడి రాయితీ ఇస్తుంది కదా, మాకు గింజ దక్కలేదు. పొలానికొచ్చి ఫొటో తీసుకెళ్లారు కూడా. నాన్నకి మాత్రం పైసా పడలేదు.

ఈ-క్రాప్‌లో (ప్రభుత్వ పంట నమోదులో) సాగుదారుగా నాన్న పేరే ఉందా, లేక భూమి యజమాని పేరుందా అన్నదే నా అనుమానం. సీసీఆర్‌సీ కార్డు (కౌలు రైతుకిచ్చే సాగు హక్కు పత్రం) ఉంది, అది పదకొండు నెలలే చెల్లుతుంది, ఆ సమయానికి గడువు ఉంది. సోషల్ ఆడిట్‌కి, అంటే ఊళ్లోవాళ్లు చూసి తప్పులు చెప్పడానికి, నష్టపోయిన రైతుల జాబితా అతికించామన్నారు, మేం చూసేలోపే తీసేశారు.

సమాచార హక్కు కింద అడగాలనుకుంటున్నాను. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలానికి ఐదు రూపాయలట. సర్వే నంబరు వారీగా చెల్లింపుల జాబితా అడిగితే ఇస్తారా, వ్యక్తిగత సమాచారమని కొట్టేస్తారా? దరఖాస్తు తహసీల్దారుకా, వ్యవసాయాధికారికా? ఇలా తెచ్చుకున్నవాళ్లుంటే ఏం రాశారో చెప్పండి. యజమానితో గొడవ వద్దు, వచ్చే ఏడాదీ ఆ పొలమే చేయాలి.