నల్లరేగడి నేల: పునాదికి ఏ కంకర, గేటు దారికి ఏ కంకర?

అడిగినవారు: కొత్తఇల్లు_పల్నాడు

పల్నాడు వైపు ఊరి చివర స్థలం, నల్లరేగడి నేల. జీ ప్లస్ వన్ ఇల్లు. ఇంజనీరు గారు ఇచ్చిన డ్రాయింగులో 12 ఫుటింగులు (స్తంభాల కింది పునాది దిమ్మలు) ఉన్నాయి. ఒక్కొక్కటి 5 × 5 అడుగులు, మందం 15 అంగుళాలు, కాంక్రీటు ఎం20 (బలాన్ని చెప్పే గ్రేడు). వాటి కింద 6 × 6 అడుగుల బెడ్డు (పరుపు కాంక్రీటు), 4 అంగుళాల మందం. నల్లమట్టి దాటి గట్టి నేల తగిలేదాకా గుంతలు తీయించాం.

రోడ్డు నుంచి పోర్టికో దాకా కారు వచ్చే దారి కూడా వేయాలి. పొడవు 60 అడుగులు, వెడల్పు 10.

కంకర కొట్టే క్రషర్ దగ్గర అడిగితే 40, 20, 12, 6 ఎంఎం రాయి, డస్ట్ (రాతి పొడి), జీఎస్‌బీ, వెట్ మిక్స్ (ఈ రెండూ రోడ్డు పొరలకు వేసే మిశ్రమాలు) అని పెద్ద జాబితా చెప్పారు. మా మేస్త్రీ మాత్రం "అన్నింటికీ 20 తోలించండి, మిగిలింది దారికి పోసేద్దాం" అంటున్నాడు. అలా చేయొచ్చా? ఏది ఎక్కడికి, ఎంత తెప్పించాలి?

జవాబు 1: స్లంప్‌కోన్

మేస్త్రీ మాటలో సగమే సరైంది. ఫుటింగుకు 20 ఎంఎం కావాలి, కానీ ఒక్క 20తో సరిపోదు. దారికి మాత్రం మిగిలిన 20 పోయకండి. కాంక్రీటులో రాయికి అంటుకున్న దుమ్ము చేటు చేస్తుంది. దారిలో అదే దుమ్ము లేకపోతే రాయి నిలవదు. కాబట్టి ఈ రెండు పనులకూ ఒకే కుప్ప పనికిరాదు.

ముందు ఫుటింగు సంగతి. ఐఎస్ 383 (కంకర, ఇసుకలకు భారత ప్రమాణం) ప్రకారం గ్రేడెడ్, అంటే సైజులు కలిసిన 20 ఎంఎం కంకరలో 25 నుంచి 55 శాతం 10 ఎంఎం జల్లెడలోంచి కిందికి దిగాలి. క్రషర్‌లో '20' అని అమ్మే కుప్ప సాధారణంగా ఒకే సైజు రాయి, అందులో 10 ఎంఎం జల్లెడ దిగేది 20 శాతం లోపే. పెద్ద రాళ్ల మధ్య సందులు నింపే చిన్న రాయి లేకపోతే ఆ సందులన్నీ ఇసుక, సిమెంటే నింపాలి. అవి చాలనిచోట తేనెపట్టులా గుల్లలు మిగులుతాయి. అందుకే 20, 12 ఎంఎంలను దాదాపు 60:40 పాళ్లలో కలపండి.

ఎం20కి నామినల్ మిక్సు, అంటే సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు, 1:1½:3. బస్తా సిమెంటు 35 లీటర్లు, అంటే సుమారు 1.25 ఘనపుటడుగులు. ఆ కొలతకే ఫర్మా (కొలత పెట్టె) చేయించండి. తట్టల లెక్క వద్దు, ఎవరి తట్ట వాళ్లదే. బస్తాకు ఒకటిన్నర ఫర్మాల ఇసుక, మూడు ఫర్మాల కంకర పడుతుంది. ఒక బస్తాకు రెండు 20, ఒకటి 12 వేస్తే, తర్వాతి బస్తాకు ఒకటిన్నర, ఒకటిన్నర వేయండి. పాళ్లు సరిపోతాయి. నీళ్లు బస్తాకు 30 లీటర్లు మించకూడదు. ఇసుకలో ఉన్న తడి కూడా ఆ 30లోకే వస్తుంది.

మీ కొలతలకు లెక్క ఇది (తరుగు కలపలేదు, 5 శాతం మీరే వేసుకోండి):

ఫుటింగులు 12కి కాంక్రీటు 375 ఘనపుటడుగులు, అంటే 10.6 ఘనపు మీటర్లు. సిమెంటు 85 బస్తాలు, ఇసుక 157 ఘనపుటడుగులు, 20 ఎంఎం 190, 12 ఎంఎం 125.

బెడ్డు 144 ఘనపుటడుగులు. 1:4:8 పాళ్లలో 40 ఎంఎంతో వేస్తే సిమెంటు 14 బస్తాలు, ఇసుక 68 ఘనపుటడుగులు, కంకర 137.

ఫుటింగులోనూ 40 వాడొచ్చా అని ఎవరైనా అడుగుతారు. 15 అంగుళాల మందం, 50 ఎంఎం కవరు (కడ్డీ బయట ఉండే కాంక్రీటు మందం) ఉన్నప్పుడు కాంక్రీటు పనుల కోడ్ ప్రకారం అది తప్పేం కాదు. కానీ పక్కనే లేచే కాలమ్‌కు కవరు 40 ఎంఎం, రాయి దానికంటే 5 ఎంఎం చిన్నదిగా ఉండాలి కాబట్టి అక్కడ 40 కుదరదు. ఒకే సైటులో రెండు రకాల కుప్పలు పెడితే సాయంత్రం పూట ఏది దేంట్లో పడుతుందో చూసే నాథుడుండడు. 20తోనే పోండి.

దించుకునే ముందు చూడాల్సినవి:

దుమ్ము: రెండు కిలోల పొడి కంకర తూచి, బకెట్లో నీళ్లు మార్చుకుంటూ తేటపడేదాకా కడిగి, మళ్లీ ఎండబెట్టి తూచండి. ఒంపేటప్పుడు చిన్న రాళ్లు నీళ్లతో పోకుండా చూసుకోండి. 20 గ్రాములు తగ్గితే ఒక శాతం. అంతకు మించి తగ్గితే జల్లించి, కడిగి వాడాలి, లేదా లోడు తిప్పి పంపాలి. దుమ్ము పూత ఉన్న రాయిని సిమెంటు పట్టుకోదు. పైగా ఆ దుమ్ము నీళ్లు తాగేస్తుంది, మేస్త్రీ ఇంకో బకెట్ పోస్తాడు, బలం అక్కడే పడిపోతుంది.

ఆకారం: దోసెడు రాళ్లు పరచి చూడండి. 20 ఎంఎం రాయి మందం 11 ఎంఎం లోపు ఉంటే అది పలక కింద లెక్క. పలకలు, పుల్లలు కలిపి బరువులో 40 శాతం దాటకూడదు. జా క్రషర్ ఒక్కటే ఉన్నచోట పలకలు ఎక్కువ వస్తాయి. కోన్, వీఎస్‌ఐ యంత్రాలు ఉన్నచోట రాయి గుండ్రంగా కాకుండా, పలకగా కాకుండా ఘనంగా వస్తుంది. మీ వైపు నాపరాతి ముక్కలు కలిసిన కంకర అంటగడితే తీసుకోవద్దు, అది పొరలు పొరలుగా విడిపోతుంది.

గట్టిదనం: గోధుమరంగులో ఉండి సుత్తి దెబ్బకు పొడయ్యే రాళ్లు క్వారీ పైపొరవి. ఒకటీ అరా ఉంటే ఏరేయండి, లోడంతా అలాగే ఉంటే వద్దు.

దించేటప్పుడు నల్లమట్టి మీద నేరుగా పోయించకండి. పాత రేకులో, ఇటుక పరుపో వేసి దాని మీద దించండి. అదీ కుదరకపోతే అడుగున మూడు అంగుళాల కంకర కాంక్రీటులోకి ఎత్తకండి. ఆ రాయికి అంటిన బంకమట్టి ఎంత కడిగినా పూర్తిగా పోదు.

జవాబు 2: రోలర్‌బాట

దారి గురించి నేను చెప్తాను.

శుభ్రమైన 20 ఎంఎం పోస్తే మొదటి రోజు బాగానే కనిపిస్తుంది. టైరు కింద గోళీల్లా పక్కకు జారుతుంది. వానాకాలం వచ్చేసరికి నల్లమట్టి ఆ సందుల్లోంచి పైకి వస్తుంది, రాయి అందులోకి దిగిపోతుంది. ఇంకో లోడు పోస్తే అదీ దిగుతుంది. నానిన నల్లరేగడికి సీబీఆర్ (నేల బరువు మోసే శక్తికి కొలత) 2, 3 శాతం దగ్గరే ఉంటుంది. ముందు ఆ నేలను దారికి తేవాలి, రాయి ఆ తర్వాత.

వరస ఇది:

9 అంగుళాలు తవ్వి, వేర్లూ చెత్తా తీసేయండి. ఇక్కడే ఒక పక్కకు వాలు పెట్టాలి. 10 అడుగుల వెడల్పుకు 3 అంగుళాలు, అంటే 2.5 శాతం. పైపొరలో వాలు పెట్టి అడుగు పొర చదునుగా వదిలేస్తే నీళ్లు లోపలే నిలుస్తాయి. ఇల్లు ఉన్న వైపు వాలు వద్దు.

మీకు పిడుగురాళ్ల దగ్గర కాబట్టి సున్నం సులువుగా దొరుకుతుంది. అడుగున 6 అంగుళాల నల్లమట్టిని పొడిచేసి బరువులో 4 శాతం తడిపిన సున్నం పొడి కలిపితే మట్టి జిగట, ఉబ్బు రెండూ తగ్గుతాయి. మీ 600 చదరపు అడుగులకు సుమారు 500 కిలోలు పడుతుంది. కలిపి, తడిపి, ఒక రాత్రి వదిలి మర్నాడు రోలర్ తిప్పండి. పనివాళ్లకు గ్లవ్స్, మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. సున్నం వద్దనుకుంటే తవ్విన నేల మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ పరచండి, అతుకు దగ్గర ఒక అడుగు ఒకదాని మీదికి ఒకటి రావాలి. రెండూ అక్కర్లేదు, ఏదో ఒకటి చాలు.

దాని మీద గ్రావెల్ (తెలంగాణ వైపు మొరం అంటారు), దొక్కించాక 8 అంగుళాలు. ఒకేసారి పోయకండి, నాలుగు నాలుగుగా రెండు పొరలు. మీకు దొక్కించిన కొలత 400 ఘనపుటడుగులు కావాలి, లూజుగా 500 పైన తెప్పించాలి. గ్రావెల్ తడిపి పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, చేతికి అంటుకోకూడదు. అంటుకుంటే అందులో బంకమట్టి ఎక్కువని అర్థం.

ఆపైన వెట్ మిక్స్ 4 అంగుళాలు. అందులో 53 ఎంఎం లోపు రాయి నుంచి డస్ట్ దాకా అన్ని సైజులూ ఉంటాయి, అందుకే అది బిగుసుకుంటుంది. దొక్కించాక 200 ఘనపుటడుగులు, బరువులో 12 నుంచి 13 టన్నులు. క్రషర్‌లోనే నీళ్లు కలిపి పంపుతారు. వచ్చిన రోజే పరచి దొక్కాలి, కుప్పగా వదిలేస్తే ఆరిపోతుంది. ఎత్తునుంచి పారబోస్తే పెద్ద రాయి అంచులకు దొర్లిపోతుంది, అలాంటి చోట పారతో తిరగేసి కలపండి.

మనుషులు దిమ్మిస కొడితే ఈ పొర బిగుసుకోదు. చిన్న వైబ్రేటరీ రోలర్ అద్దెకు తీసుకోండి. రాయి రోలర్ ముందు కదలడం ఆగేదాకా, వాలు కింది అంచు నుంచి పై అంచు వైపు తిప్పాలి. అంతకుముందే రెండు వైపులా కర్బు రాళ్లు కాంక్రీటులో కూర్చోబెట్టండి. అంచు ఆపు లేకపోతే దారి ఏటికేడు వెడల్పవుతూ పలచబడుతుంది.

8, 4 కలిపి 12 అంగుళాలు, తవ్వింది 9. అంటే దారి నేలకంటే 3 అంగుళాలు ఎత్తులో ఉంటుంది, ఉండాలి కూడా. తర్వాత పేవర్ బ్లాకులు వేస్తారా? కారుకు 60 ఎంఎం చాలు. టిప్పర్ లోపలికి రావాల్సి ఉంటే 80. ఇంటి పని అంతా అయ్యాకే వెట్ మిక్స్ వేయండి. అప్పటిదాకా లారీలు గ్రావెల్ మీదే తిరగనివ్వండి, ఎక్కడ కుంగుతుందో కూడా తెలుస్తుంది.

అడిగినవారు: కొత్తఇల్లు_పల్నాడు

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండి. ఇంకో సందేహం. ఫుటింగ్ గుంతల్లో చుట్టూ మిగిలిన ఖాళీ, బేస్‌మెంట్ లోపల నింపడం. తవ్విన నల్లమట్టి కుప్పలుగా ఉంది. అది వద్దంటే ఇసుకగానీ 40 కంకరగానీ నింపితే గట్టిగా ఉంటుంది కదా?

జవాబు 3: బావిగట్టు

నల్లమట్టి వద్దు. ఇసుక, కంకర అంతకంటే వద్దు.

నల్లరేగడి మధ్యలో కంకర గుంత అంటే వాన నీళ్లు నిలవడానికి తొట్టి కట్టినట్టే. చుట్టూ ఉన్న మట్టి నెలల తరబడి ఆ నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది, గోడలకు ఏటవాలు పగుళ్లు వస్తాయి. కొంచెం జిగురున్న గ్రావెల్‌తోనే నింపండి. 6 అంగుళాల పొరలుగా తడిపి దొక్కించాలి. బేస్‌మెంట్ మొత్తం నింపి పైన ట్యాంకర్ నీళ్లు వదిలి 'సెట్ అయింది' అనే పద్ధతి పనికిరాదు. పైనుంచి తడిసినట్టు కనిపిస్తుంది, అడుగున లూజుగానే ఉంటుంది, టైల్స్ వేసిన రెండో ఏడు గది మధ్యలో ఫ్లోరు దిగుతుంది.

ప్లింత్ బీము (గోడల కింద వచ్చే కాంక్రీటు దూలం) అడుగు నల్లమట్టికి ఆనకూడదు. 80 ఎంఎం ఖాళీ వదలమని మీ ఇంజనీరు గారిని అడగండి. మట్టి ఉబ్బినప్పుడు ఆ ఖాళీలోకి ఉబ్బుతుంది, బీమును ఎత్తదు. ఇంటి చుట్టూ బయటికి వాలుగా ఆప్రాన్ (గోడ చుట్టూ గచ్చు) కూడా వేయించండి.

జవాబు 4: నేలమట్టం

జవాబు 1లో ఒక్క విషయంతో ఏకీభవించను. 4 అంగుళాల బెడ్డుకు 40 ఎంఎం ఎందుకు? రాయి మందంలో నాలుగో వంతు దాటకూడదన్న లెక్కన 100 ఎంఎంకు 25 వస్తుంది. 20 వేస్తే పైభాగం చదునుగా వస్తుంది, కవర్ బ్లాకులు (కడ్డీలను ఎత్తి పట్టే చిన్న దిమ్మలు) సరిగా కూర్చుంటాయి. బెడ్డు ఆరున్నర అంగుళాలైనా ఉంటేనే 40 వేయండి.

జవాబు 1 నుంచి: స్లంప్‌కోన్

ఆ నిబంధన కోడ్‌లో ఉన్న మాట నిజమే. బెడ్డు బరువు మోసే భాగం కాదు, కడ్డీ లేదు, 40తో సైట్లలో వేస్తూనే ఉన్నారు. కొత్తఇల్లు గారూ, రెండింటి ధరలో పెద్ద తేడా లేకపోతే 20 తీసుకోండి, ఒక కుప్ప తగ్గుతుంది. ధర తేడా ఉంటే 40 వేయండి. పాళ్లు మాత్రం మారవు.

జవాబు 5: కాటాచీటీ

కొలత గురించి ఎవరూ చెప్పలేదు. యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు. లూజు 20 ఎంఎం కంకర యూనిట్ 4.2 నుంచి 4.4 టన్నులు తూగుతుంది. టన్నుల్లో కొంటే కాటా చీటీలో ఖాళీ బండి బరువు కూడా చూడండి. ఘనపుటడుగుల్లో కొంటే లోడు దించకముందే తొట్టి లోపలి పొడవు, వెడల్పు టేపుతో కొలిచి, కంకర పైభాగం చదును చేయించి ఎత్తు నాలుగు మూలలా, మధ్యలో తీసి సగటు కట్టండి. బయటి కొలతలతో లెక్క కడితే తేడా మీ జేబుకే.

ఇంకొకటి. ఇసుక దొరక్కపోతే 'డస్టూ రోబో శాండూ ఒకటే' అని డస్ట్ పంపుతారు. రోబో శాండ్ అంటే రాయి కొట్టి చేసిన ఇసుక, కడిగి లేదా గాలితో సన్నటి పొడి తీసేసినది. పిడికెడు గాజు గ్లాసు నీళ్లలో కలిపి పది నిమిషాలు ఆగి చూడండి, పైన మందపాటి బురద పొర కడితే అది డస్టే. దాన్ని దారి వైపు తోలించుకోండి, మిక్సర్ వైపు రానివ్వకండి.