డంపింగ్ యార్డు మురుగు మన బోర్లకు రాదని కంప్యూటర్ చెబితే నమ్మేయాలా?

బోరు_బాధితుడు: గుంటూరు శివార్లలో మా కాలనీ. అర కిలోమీటరు దూరంలో చెత్త యార్డు. ఎవరో కన్సల్టెంట్లు కంప్యూటర్‌లో మోడల్ నడిపి, యార్డు మురుగు భూమి లోపల 20 ఏళ్లయినా మా బోర్ల దాకా రాదని రిపోర్టు రాశారు. ఒక్క బోరు నీళ్లయినా పరీక్ష చేయించలేదు. దీన్ని నమ్మాలా?

లెక్కల_మాస్టారు: రిపోర్టు నేను చదివాను. వాడింది మాడ్‌ఫ్లో. అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ 1984 నుంచి ఉచితంగా ఇస్తున్న ప్రోగ్రామ్. నేలను గళ్లుగా విడగొట్టి, ఏ గడిలోంచి ఏ గడిలోకి ఎంత నీరు పోతుందో లెక్కకడుతుంది. దానికి ఎంటీ3డీ అనే ఇంకో ప్రోగ్రామ్ కలిపితే మురుగు ఎటు పోతుందో వస్తుంది. చేతివాటం చూపే వీలు లేదండీ.

పట్నంబజార్_పిల్లోడు: బండి మీద అటు వెళ్లి ముక్కు మూసుకోకుండా రండి మాస్టారూ, మోడల్ అక్కర్లేదు 😀

బోరు_బాధితుడు: మా బోరు 400 అడుగులు. వేసవి వస్తే నీళ్లు పసుపు పచ్చ. మా ఆవిడ స్టీలు గిన్నెలన్నీ మరకలు. ఇది సాక్ష్యం కాదా?

లెక్కల_మాస్టారు: పసుపు మరకలు ఐరన్ వల్ల కూడా వస్తాయి. చెత్త మురుగైతే క్లోరైడ్ పెరగాలి. నైట్రేట్ ఒక్కటే చూస్తే లాభం లేదు, తాగునీటికి హద్దయిన లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటినా అది మన మిర్చి చేల యూరియా కావచ్చు. గిన్నెలు చూపించి వాదిస్తే ఎలా?

రాతి_మనిషి: నాదొక్కటే ప్రశ్న. పోరాసిటీ, అంటే నేలలో నీరు పారే ఖాళీల వాటా, ఎంత తీసుకున్నారు?

లెక్కల_మాస్టారు: 0.25.

రాతి_మనిషి: అది ఇసుకకు వేసే అంకె. యార్డున్నది నరసరావుపేట వైపు, కింద గట్టి రాయి. నీళ్లు పగుళ్లలోనే పారతాయి, 0.01 వేసినా ఎక్కువే. ఖాళీ తగ్గితే అంతే నీరు ఇంకా వేగంగా పోవాలి. నేల గుండా నీళ్లు కదిలే గుణం రోజుకు 1 మీటరు, నీటిమట్టం వాలు కిలోమీటరుకు 5 మీటర్లు అనుకోండి. 0.25తో మురుగు ఏడాదికి 7 మీటర్లు నడుస్తుంది. 0.01తో 180 మీటర్లు. అర కిలోమీటరుకు మూడేళ్లు కూడా పట్టదు.

లెక్కల_మాస్టారు: బావుల్లో కొలిచిన నీటిమట్టాలతో మోడల్ సరిపోయిందని రిపోర్టులోనే ఉంది కదా!

రాతి_మనిషి: నిలకడగా ఉన్న నీటిమట్టాలు పోరాసిటీని బట్టి మారవు సార్. మీరు 0.25 వేసినా 0.01 వేసినా మట్టం అంతే వస్తుంది, వేగం మాత్రం 25 రెట్లు మారుతుంది. మట్టం కుదిరిందని వేగాన్ని నమ్మడానికి లేదు.

అరండల్‌పేట_అక్క: అసలు ఆ యార్డు ఎత్తేయమని అడగరేంటి ఎవరూ?

లెక్కల_మాస్టారు: మోడల్ అంటేనే మోసమన్నట్టు మాట్లాడుతున్నారు. అమెరికాలో నార్త్ కరోలినాలో క్యాంప్ లెజూన్ అని సైనిక స్థావరం ఉంది. పక్కనున్న డ్రై క్లీనింగ్ షాపు రసాయనం తాగునీటి బావుల్లోకి దిగింది. నీళ్లు పరీక్షించింది 1980లలోనే. అంతకు ముందు మూడు దశాబ్దాల్లో జనం ఏం తాగారో ఇదే మాడ్‌ఫ్లోతో వెనక్కి లెక్కగట్టారు. అక్కడ బాధితుల పక్షాన నిలబడింది మోడలే.

రాతి_మనిషి: ఆ అంకెల మీద కూడా అంత గట్టిగా ఆధారపడలేమని 2009లో వాళ్ల జాతీయ పరిశోధనా మండలి కమిటీ చెప్పింది.

బోరు_బాధితుడు: అక్కడ జనానికి ఏం జరిగిందో తెలుసుకోవడానికి నడిపారు. ఇక్కడ జనం నోరు మూయించడానికి నడిపారు. మాస్టారూ, మీకెంత ముట్టింది?

లెక్కల_మాస్టారు: నోరు అదుపులో పెట్టుకో! నాకెవరూ పైసా ఇవ్వలేదు. మీ కాలనీలో నాకు రెండు ప్లాట్లున్నాయి. అమ్మాయి పెళ్లికి అమ్ముదామంటే, నీ పోస్టులు చూసి బేరానికొచ్చినవాళ్లు మళ్లీ ఫోన్ ఎత్తడం లేదు. దానికెవరు జవాబు?

పట్నంబజార్_పిల్లోడు: ఇదా సంగతి!

బోరు_బాధితుడు: మీకు ప్లాట్ల బాధ. మా బాధ వినండి. కృష్ణా నీళ్ల పైపులైను మా కాలనీకి వేయమని అర్జీ పెట్టాం. 'మురుగు రాదని రిపోర్టు ఉంది, బోరు నీళ్లు చాలు' అని వెనక్కి పంపారు. రేపు మురుగు వచ్చిందని తేలితే, అప్పుడు ఏ కంప్యూటర్‌ని పట్టుకోవాలి?

లెక్కల_మాస్టారు: పైపులైను కావాలంటే పైపులైనే అడుగు, నేనూ సంతకం పెడతా. నీళ్లు విషమని ఊరంతా చాటడం దేనికి?

బోరు_బాధితుడు: విషమని తేలితే తప్ప వేయమంటున్నారు కాబట్టి!

రాతి_మనిషి: యార్డుకీ కాలనీకీ మధ్య మూడు పరిశీలన బోర్లు వేసి, నెలనెలా క్లోరైడ్ చూడమని అడగండి. 0.01తో మోడల్ మళ్లీ నడపమనండి. ఏది వచ్చినా ఒకరికి నష్టమే, ముందే చెబుతున్నా.

లెక్కల_మాస్టారు: ప్లాట్లు అమ్ముడయ్యాక వేయించుకోండి ఆ బోర్లు.

బోరు_బాధితుడు: కొన్నవాడు తాగాలా మరి?

కొత్తపేట_కుర్రాడు: మాస్టారూ, గజం ఎంత చెబుతున్నారు? తూర్పు ఫేసింగేనా?