రీల్స్‌లో పీఓవీ అంటే అసలు ఏంటి?

గుంటూరు_అమ్మ:
మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్. ఇన్‌స్టాలో పెట్టే ప్రతి రీల్ మీదా "పీఓవీ" అని రాస్తుంది. నాకు తెలిసి పాయింట్ ఆఫ్ వ్యూ అంటే అభిప్రాయం, ఆఫీసులో "నా పాయింట్ ఆఫ్ వ్యూలో ఇది కరెక్ట్ కాదు" అంటుంటాం కదా, అదే. నిన్నటి రీల్‌లో నా చీర చుట్టుకుని, చేతిలో గరిటె పట్టుకుని, అచ్చం నాలాగే "ఎన్నొచ్చాయి? మరి మీ ఫ్రెండ్‌కి?" అని అడుగుతోంది. పైన "పీఓవీ: మార్కులొచ్చిన రోజు" అని ఉంది. ఇందులో అభిప్రాయం ఎక్కడుంది? దాన్నే అడిగితే "నీకు అర్థం కాదులే అమ్మా" అంది. బాధేసింది, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

ఎడిటింగ్_టేబుల్:
ఇది సినిమా వాళ్ల మాటండీ. పాత్ర కంటికి ఏది కనిపిస్తోందో కెమెరా సరిగ్గా దాన్నే చూపిస్తే అది పీఓవీ షాట్. హీరోయిన్ ఉత్తరం విప్పుతుంది, ముందు ఆమె ముఖం, వెంటనే తెర నిండా ఉత్తరం వస్తుంది చూడండి, ఆ రెండోది. 1947లో హాలీవుడ్‌లో రాబర్ట్ మాంట్‌గోమరీ 'లేడీ ఇన్ ద లేక్' దాదాపు మొత్తం ఇలాగే తీశాడు. హీరో కూడా ఆయనే, అయినా మధ్యమధ్య మనవైపు తిరిగి మాట్లాడే కాస్త భాగం వదిలేస్తే ఆయన ముఖం అద్దాల్లోనే కనిపిస్తుంది. రీల్‌లో ఆ కన్ను చూసేవాళ్లది. అంటే మీ అమ్మాయి సరిగ్గానే వాడింది. అక్కడ కెమెరా కూతురు, ఎదురుగా ఉన్నది మీరు.

చికెన్_డిన్నర్:
పబ్జీ, బీజీఎంఐ ఆడినవాళ్లకి ఒక్క ముక్కలో చెప్పొచ్చు. టీపీపీలో మన ప్లేయర్ వీపు మనకే కనిపిస్తుంది, ఎఫ్‌పీపీలో చేతులూ గన్నూ మాత్రమే. పీఓవీ అంటే ఎఫ్‌పీపీ అన్నమాట. నాకు మండేది ఎక్కడంటే, సగం మంది టీపీపీ తీసి పీఓవీ అని రాస్తున్నారు! "పీఓవీ: క్లాసులో నిద్రపోతున్నావు" అని పెట్టి వాడే బెంచీ మీద పడి నిద్రపోతుంటాడు. నిద్రపోయేది నేనైతే నాకు నేనెలా కనిపిస్తాను?

తెలుగు_పంతులు:
తమ్ముడూ, నువ్వు చెప్పింది కరెక్టే, కానీ పిల్లల నోట్లో ఆ మాట "ఈ పరిస్థితిలో నిన్ను ఊహించుకో" అనే అర్థానికి జరిగిపోయింది, దాన్ని తప్పని నేను కొట్టేయను. కథల్లో దీన్నే దృక్కోణం అంటాం. "నేను" అంటూ చెబితే ఉత్తమ పురుష, "అతను, ఆమె" అంటే ప్రథమ పురుష, మన కథలు ఎక్కువగా ఈ రెండిట్లోనే నడుస్తాయి. "నువ్వు" అంటూ నడిపే మధ్యమ పురుష కథ చాలా కష్టం, చదివేవాడు రెండో పేరాలోనే "నేను కాదు" అని పక్కకి తప్పుకుంటాడు. పిల్లలు దాన్ని అర నిమిషంలో సాధిస్తున్నారు, నాకైతే ముచ్చటేస్తుంది.

గుంటూరు_అమ్మ:
అందరికీ థాంక్స్. కెమెరా కూతురు అన్నారు కదా, మళ్లీ చూశాను. ఫోన్ బాగా కింద, చాప మీద పుస్తకాలకి ఆనించి పెట్టి తీసింది. అందులో నేను చాలా ఎత్తుగా ఉన్నాను, గరిటె తల మీదకి వచ్చేస్తున్నట్టుంది. రాత్రి అన్నం తింటుండగా అడిగాను, ఫోన్ అంత కింద ఎందుకు పెట్టావే అని. "నేను చదువుకునేది అక్కడే కదమ్మా" అంది.