విద్యార్థే అధ్యాపకురాలైతే ఏ క్లాసులో పెట్టాలి?

నమస్కారం. ఎంసీఏ చివరి ప్రాజెక్టుగా మా కళాశాల గ్రంథాలయానికి జావాలో సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. 'సభ్యుడు' మాతృ క్లాసు (క్లాసు అంటే వివరాలు, పనులు కలిపి రాసిన నమూనా); 'విద్యార్థి', 'అధ్యాపకుడు' దాని లక్షణాలను వారసత్వంగా పొందే ఉప క్లాసులు. విద్యార్థికి 3 పుస్తకాలు, 14 రోజులు. అధ్యాపకుడికి 10 పుస్తకాలు, 90 రోజులు. అంతవరకు ముచ్చటగానే ఉంది.

గ్రంథపాలకురాలికి చూపించాక మొదలైంది చిక్కు. "నిరుడు ఇక్కడ పీజీ చదివిన అమ్మాయి ఇప్పుడు పాఠాలు చెబుతోంది, పైగా పీహెచ్‌డీలో చేరింది. ఆమెను ఎక్కడ పెడతావు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. జావాలో ఒకసారి సృష్టించిన ఆబ్జెక్టు (క్లాసు నమూనాతో తయారయ్యే ఒక్కో సభ్యుడి రూపం) క్లాసు మారదు, ఒక క్లాసుకు ఇద్దరు తల్లులూ ఉండరు. పాతది తీసేసి కొత్తది సృష్టిస్తే, ఆమె తీసుకెళ్లిన పుస్తకాల లెక్కను, జరిమానాను మళ్లీ అతికించాలి.

వారసత్వం వదిలేసి, సభ్యుడిలోనే 'పాత్ర'ల జాబితా ఉంచి, అరువు నియమాలను ఒక ఇంటర్‌ఫేస్‌కు (ఏ పనులు చేయాలో మాత్రమే చెప్పి, ఎలా చేయాలో వేరే క్లాసులకు వదిలే ఒప్పందం) అప్పగిస్తే మేలనిపిస్తోంది. కానీ రెండు పాత్రలున్నప్పుడు ఏ పరిమితి వర్తిస్తుందో తేల్చాల్సింది సభ్యుడా, నియమమా?

ఇంకొకటి. మాది జలపాత పద్ధతి, అంటే ఒక దశ పూర్తయ్యాకే తర్వాతి దశకు వెళ్లడం. డిజైను పత్రంపై మా మార్గదర్శకులు ఇప్పటికే సంతకం చేశారు. (క్లాసు డయాగ్రం మళ్లీ గీశానంటే ఆయన ముఖం ఎలా మారుతుందో ఊహించగలను.) పత్రం మార్చమని అడగాలా, కోడులోనే సర్దుకోవాలా? ఇలాంటిది చేసి ఉన్నవారు దయచేసి చెప్పండి.