యార్ట్‌సైట్‌కి తెలుగులో ఏమందాం?

అందరికీ నమస్కారం. ఒక కథ తెలుగు చేస్తూ ఒక్క మాట దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను. వార్సాలో పుట్టిన యూదు ముసలాయన. 1942 వేసవిలో తల్లినీ ఇద్దరు చెల్లెళ్ళనీ నాజీలు ట్రెబ్లింకా మరణశిబిరానికి తీసుకుపోయారు. ఆయన ఏటా ఒక సాయంత్రం వాళ్ళ పేరున దీపం వెలిగిస్తాడు. పోయినవాళ్ళని ఏటా ఇలా తలుచుకునే రోజుని యిద్దిష్‌లో, అంటే యూరప్ యూదుల భాషలో, యార్ట్‌సైట్ అంటారు. వర్ధంతి అని రాస్తే విగ్రహం, పూలదండ, మైకు గుర్తొస్తున్నాయి. తద్దినం అంటే మా ఇంట్లోవాళ్ళు "అది తిట్టులా వినిపిస్తుంది" అన్నారు. ఏం రాయమంటారు?

—

ఆబ్దికం రాసేయండి. యార్ట్‌సైట్‌లో యార్ అంటే ఏడాది, ట్‌సైట్ అంటే కాలం. అబ్దం అన్నా ఏడాదే కదా. మావైపు సంవత్సరీకం అంటాం, అదీ అతుకుతుంది. పైగా వాళ్ళు చూసేదీ ఇంగ్లీషు తేదీ కాదు, చంద్రుణ్ణి బట్టి నడిచే వాళ్ళ పంచాంగం. మన అధికమాసం లాంటిది కూడా ఉంది అందులో. వర్ధంతి మాత్రం వద్దు. వృద్ధి చెందే మాట చావుకెలా అంటుకుందని ఇక్కడే ఇదివరకు బోలెడు కొట్టుకున్నాం.

—

అర్థం కుదిరింది సరే, వాసన మాటేమిటండీ? ఆబ్దికం అనగానే నువ్వులు, పిండాలు, భోక్తలు. అక్కడ ఒక రోజంతా వెలిగే కొవ్వొత్తి, పదిమంది కూడితే చదివే కద్దీష్. ఆ ప్రార్థనలో చావు ఊసే ఉండదు, అంతా దేవుడి స్తుతి.

అసలు చిక్కు ఇంకోటుంది. తద్దినం అంటే తత్ దినం, ఆ రోజు. ఈయనకి ఆ రోజు తెలుసా? జూలై 22 నుంచి సెప్టెంబరు 21 వరకు వార్సా ఘెట్టో నుంచి, అంటే యూదుల్ని గోడ కట్టి బంధించిన పేట నుంచి, సుమారు 2,65,000 మందిని ట్రెబ్లింకాకి చేర్చారు. దాదాపు అందరినీ దిగిన కొన్ని గంటల్లోనే చంపేశారు. దిగినవాళ్ళ పేర్లు రాసుకోలేదు. ఎవరు ఏ రోజు పోయారో ఏ కాగితంలో వెతుక్కోవాలి?

—

నిజమే, నాకు తట్టలేదు. తిథి తెలియనివాళ్ళకి మనకైతే మహాలయ అమావాస్య ఉంది. వాళ్ళకీ అలాంటిదేమైనా ఉందా?

—

ఉందండి, వాళ్ళ పంచాంగంలో తెవేత్ నెల పదో రోజు. బాబిలోనియా సేన జెరూసలేంని ముట్టడించిన రోజని ఎప్పటినుంచో ఉపవాసముంటారు. చనిపోయిన రోజు తెలియనివాళ్ళ కోసం ఆ రోజు కద్దీష్ చదవాలని ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీల (యూదు మతగురువుల) పీఠం నిర్ణయించింది. కొన్ని కుటుంబాలు మాత్రం ఆఖరి ఉత్తరం అందిన రోజో, రైలు కదిలిన రోజో తామే పెట్టుకున్నాయి. మీ కథలో ఏ రోజు?

—

రైలు రోజేనండి. ఈ రోజే ఎందుకు తాతా అని మనవరాలు అడిగితే "అమ్మ రైలెక్కిన రోజు" అంటాడు. యార్ట్‌సైట్‌ని ఒకసారి అలాగే ఉంచి, తర్వాత నుంచి ఏడాది దీపం అంటాను. ముందు ఏటి దీపం అనుకున్నాను గానీ, కార్తీకంలో ఏట్లో వదిలే దీపమనుకుంటారు.

—

ఏడాది దీపం బావుంది. ఒక్కటి మార్చండి. ఎక్కిన కాదు, ఎక్కించిన.

—

మూలంలో ఎక్కిన అనే ఉందండి. యుద్ధమయ్యాక పొరుగింటావిడ ఆయనకి చెప్పిన మాట అది. మార్చడానికి చెయ్యి రావట్లేదు.