డోరియన్ గ్రే: నవంబర్ 7 కాస్తా 9 ఎందుకైంది?

ఆస్కార్ వైల్డ్ నవల 'ది పిక్చర్ ఆఫ్ డోరియన్ గ్రే' రెండు పాఠాలూ పక్కపక్కన పెట్టుకుని, తన చిత్రపటం ముసలిదవుతున్నా తాను కుర్రాడిలాగే ఉండిపోయే డోరియన్ వయసు లెక్క వేస్తున్నాను. ఒక్కచోట చిక్కు విడటం లేదు.

1890 జులైలో లిపిన్‌కాట్స్ పత్రికలో వచ్చిన 13 అధ్యాయాల పాఠంలో ఆ పటం గీసిన చిత్రకారుడు బాసిల్ హత్య జరిగేది నవంబర్ 7న, డోరియన్ 32వ పుట్టినరోజు ముందు రాత్రి. 20 అధ్యాయాలున్న 1891 పుస్తకంలో అది నవంబర్ 9, 38వ పుట్టినరోజు ముందు రాత్రి.

వయసు సంగతి తేలిపోయింది. డోరియన్ కాదన్నందుకు ప్రాణం తీసుకున్న నటి సిబిల్ తమ్ముడు, పుస్తకంలో కొత్తగా చేర్చిన జేమ్స్ వేన్, పగ తీర్చుకోవడానికి డోరియన్‌ను పట్టుకుని, అక్క చనిపోయి 18 ఏళ్లయిందంటాడు. అప్పటికి డోరియన్‌కు ఇరవై అనుకుంటే 38 సరిపోతుంది. ఎదురుగా ఉన్నది ఇరవై ఏళ్ల కుర్రాడి ముఖమని వేన్ పిస్తోలు దించాలంటే ఆ మాత్రం ఎడం ఉండాల్సిందే. 32తో ఆ దృశ్యం నిలబడదు.

తేదీయే తేలట్లేదు. నవంబర్ 9 అప్పటి వేల్స్ యువరాజు పుట్టినరోజు కదా, ఆ ఎత్తిపొడుపేమో అనుకున్నాను. కానీ డోరియన్ పుట్టినరోజు మర్నాడు, అంటే 10న పడుతుంది. కథలోని మిగతా సంఘటనలతో సరిచూసినా, రెండు రోజులు జరపాల్సిన అవసరం ఎక్కడా కనిపించలేదు. నేను తిరగేసిన వ్యాఖ్యాన ప్రతులు వయసు మార్పు దగ్గరే ఆగిపోయాయి.

వైల్డ్ ఉత్తరాల్లో గానీ, పుస్తకం కోసం చేసిన సవరణల్లో గానీ 7ను 9గా మార్చడానికి కారణం ఎవరికైనా కనిపించిందా?