అపార్ట్‌మెంట్ల చెట్ల పనికి బ్యాటరీ రంపాలే వాడాలన్న షరతు సబబేనా?

ఉప్పల్ గుత్తేదారు (చర్చ ప్రారంభించినవారు):

కొండాపూర్ వైపు ఒక పెద్ద నివాస సముదాయం వారు వానాకాలానికి ముందు చెట్ల కొమ్మలు కొట్టించడానికి కొటేషన్లు అడిగారు. అందులో "పెట్రోలు రంపాలను ఆవరణలోకి అనుమతించం, బ్యాటరీవి మాత్రమే వాడాలి" అని ఒక షరతు పెట్టారు. నా దగ్గర ఏడుగురు పనివాళ్లు, నాలుగు పెట్రోలు చైన్‌సాలు ఉన్నాయి, బ్యాటరీది ఒక్కటీ లేదు. మొత్తం ఇరవై రెండు చెట్లు. ఎక్కువ భాగం గుల్మొహర్లు, పచ్చతురాయిలు, వాటికి కొమ్మలు తగ్గిస్తే చాలు. ప్రహరీ మీదికి ఒరిగిన ఒక నిద్రగన్నేరును మాత్రం మొదలంటా తీసేయాలి. దాని మాను అడ్డంగా కొలిస్తే రెండున్నర అడుగులుంది, తొలగించడానికి అనుమతి తామే తెచ్చుకున్నామని వారు చెబుతున్నారు. ఇలాంటి పనికి బ్యాటరీ రంపం నిజంగా చాలుతుందా, లేక శబ్దం నచ్చనివారు కూర్చుని రాసుకున్న షరతా ఇది? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

రాణీగంజ్ మెకానిక్:

ముందు లెక్క చూద్దాం. లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల కరెంటుకు సమానమైన శక్తి ఉంటుంది. టూ స్ట్రోక్ ఇంజను అందులో చాలా భాగాన్ని వేడిగానూ, కాలని పొగగానూ వదిలేస్తుంది కాబట్టి ఐదో వంతే చైన్ దాకా చేరుతుందనుకున్నా, దాదాపు 1.8 యూనిట్లు మిగులుతాయి. వృత్తి పనివారికని తయారు చేసే పెద్ద బ్యాటరీలలో ఒకటైన, స్టిల్ అనే రంపాల కంపెనీ వారి ఏపీ 500 ఎస్‌లో ఉండేది 337 వాట్ అవర్లు, అంటే యూనిట్‌లో మూడో వంతు. ఒక లీటరు సీసాకు సరితూగాలంటే అలాంటివి అయిదారు మోసుకుపోవాలి. ఆ నిద్రగన్నేరు మానులోకి ఇరవై అంగుళాలకు పైబడిన బార్ (చైన్ తిరిగే ఇనుప పట్టీ) పూర్తిగా దిగి ఆగకుండా కోయవలసి వచ్చినప్పుడు, బ్యాటరీ ఎంత త్వరగా ఖాళీ అవుతుందో చూసినవాడికే తెలుస్తుంది. కొమ్మల సంగతి వేరు, మాను సంగతి వేరు. రెంటికీ ఒకే షరతు పెట్టడం సబబు కాదు.

పదహారేళ్లుగా చెట్లు ఎక్కుతున్నవాడు (సికింద్రాబాద్):

మెకానిక్ గారి లెక్కను నేను కాదనను. అయితే ఆ లెక్క నేల మీద నిలబడి వేసింది. నలభై అడుగుల ఎత్తున మోకుకు వేలాడుతూ, కాళ్ల కింద ఆకాశమల్లి కొమ్మ ఊగుతూ ఉంటే, అక్కడ లీటరులో ఎన్ని యూనిట్లున్నాయన్నది ఎవరికీ గుర్తు రాదు. పెట్రోలు రంపాన్ని పైన ఆపామంటే మళ్లీ తాడు లాగి స్టార్ట్ చేయాలి, దానికి రెండు చేతులూ కావాలి. ఎండలో వేడెక్కిన ఇంజను ఒక్కోసారి పది లాగులకు గాని అందుకోదు. అందుకే చాలామంది దాన్ని ఆపకుండా నడుముకు తగిలించుకుని కొమ్మ నుంచి కొమ్మకు జరుగుతారు. నా కుడి తొడ మీద అరచేయంత నల్లటి మచ్చ ఉంది. అది వేడెక్కిన సైలెన్సర్ ప్యాంటు మీదుగా అంటుకున్న గుర్తు.

రెండేళ్లుగా పైన బ్యాటరీ రంపమే వాడుతున్నాను. మీట వదలగానే శబ్దం పూర్తిగా ఆగిపోతుంది. కింద తాడు పట్టుకున్న తమ్ముడు "అన్నా, ఆగు, మనిషి వస్తున్నాడు" అంటే మాట మాటగా వినిపిస్తుంది. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. గుల్మొహర్ కొమ్మ చీలబోయే ముందు లోపల చిటచిటమంటుంది, ఇంజను మోతలో ఆ చప్పుడు ఎన్నడూ వినలేదు. నిరుడు ఒక సాయంత్రం సగం కోత దిగిన కొమ్మ దగ్గర మీట వదిలిన క్షణంలోనే ఆ చిటచిట వినిపించి పక్కకు జరిగాను. కొమ్మ నేను అనుకున్న వైపు కాకుండా నేను అంతకుముందు నిలబడిన వైపే చీలింది.

ఇందులో ప్రమాదం లేదని చెప్పడం లేదు. ఇంజను మోగుతుంటే రంపం బతికి ఉందని అందరికీ తెలుస్తుంది. బ్యాటరీది ఆగినట్టు కనిపిస్తూ, మీట మీద వేలు పడితే చాలు, ఆ క్షణంలోనే పూర్తి వేగంతో కదులుతుంది. స్థలం మారేటప్పుడు ప్రతిసారీ బ్రేక్ వేసుకోవాలని కొత్త కుర్రాళ్లకు తిట్టి మరీ నేర్పాలి.

నివాసుల సంఘం కార్యదర్శి (మియాపూర్):

మా సముదాయంలోనూ ఇదే షరతు ఉంది, అది పెట్టినదాన్ని నేనే కాబట్టి జవాబు చెప్పవలసిన బాధ్యత కూడా నాదే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగటిపూట పరిమితి 55 డెసిబెల్స్, ఆసుపత్రులు, పాఠశాలల చుట్టూ వంద మీటర్ల పరిధిలోనైతే 50. పెట్రోలు రంపం పట్టుకున్నవారి చెవి దగ్గరే వంద డెసిబెల్స్ అటూ ఇటూగా ఉంటుంది. బ్యాటరీ రంపం కూడా దగ్గర నుంచి 55కు లోబడదు, ఆ విషయం నాకు తెలుసు. అయినా డెసిబెల్ కొలత ఎలాంటిదంటే పది తగ్గితే ధ్వని తీవ్రత పదో వంతుకు పడిపోతుంది. అయిదు అంతస్తుల రెండు భవనాల నడుమ ఇరుకు సందులో ఆ తేడా చాలా పెద్దది. పైగా సెల్లారు గాలిమార్గాల పక్కనే రంపాలను నడిపిస్తే పొగ లోపలికి దిగి గంటల తరబడి పోదు. ఒకసారి మా కాపలాదారుకు తల తిరిగి కూర్చుండిపోయాడు. ఆ మర్నాడే షరతు రాశాను. మానులు కోసే పని మాకు ఎన్నడూ రాలేదు కనుక దాని గురించి ఆలోచించలేదని ఒప్పుకుంటున్నాను.

చేవెళ్ల రోడ్డులో పని చేసేవాడు:

గాలివానల మాట ఎవరూ ఎత్తలేదు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఒక్క గంట గాలి వీస్తే నగరంలో ఎన్ని చెట్లు రోడ్డు మీద పడతాయో అందరికీ తెలుసు. అప్పుడు మొదట పోయేది కరెంటే. రాత్రి పదకొండింటికి తీగల కింద చిక్కుకున్న వేపమాను కోయమని పిలిస్తే బ్యాటరీలు ఎక్కడ ఛార్జింగ్ పెడతాం? జనరేటర్ తెచ్చి ఛార్జ్ చేస్తే మళ్లీ పెట్రోలే కదా. ఇంకో మాట. లిథియం బ్యాటరీలను 40 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. మే నెల మధ్యాహ్నం మూసిన ట్రాలీ ఆటోలో వదిలిన బ్యాటరీ అంతకన్నా వేడెక్కుతుంది; ఛార్జర్‌లో పెడితే చల్లబడేదాకా ఎర్రదీపం చూపిస్తూ కూర్చుంటుంది. పనివాళ్ల కూలి మాత్రం ఆగదు.

రాణీగంజ్ మెకానిక్:

పెట్రోలు పక్షాన మాట్లాడుతున్నానని అనుకోవద్దు. నా దుకాణానికి వచ్చే పెట్రోలు రంపాలలో ఎక్కువ భాగం పాడయ్యేది పని భారం వల్ల కాదు, నిర్లక్ష్యం వల్ల. లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ల నూనె) కలపవలసిన చోట కంటి అంచనాతో పోస్తారు. తక్కువైతే పిస్టన్ గీతలు పడి పట్టేస్తుంది, ఎక్కువైతే ప్లగ్గు నల్లబడుతుంది. ఇప్పుడు పెట్రోలులో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది. అది తేమను పీల్చుకుంటుంది కాబట్టి, వానాకాలంలో నెల రోజులు ట్యాంకులోనే వదిలేసిన రంపం కార్బురేటర్ విప్పితే లోపలి రబ్బరు పొర గట్టిపడి చేతికి వస్తుంది. బ్యాటరీ రంపానికి ఈ బాధలేవీ లేవు. ఖర్చు లెక్క కూడా దానివైపే మొగ్గుతుంది. యూనిట్‌కు పది రూపాయలు వేసుకున్నా ఒక పెద్ద బ్యాటరీ నిండడానికి నాలుగు రూపాయలు దాటదు, మన ఊళ్లో లీటరు పెట్రోలు నూరు రూపాయలు ఎప్పుడో దాటింది. అసలు బరువు బ్యాటరీల కొనుగోలు ధరలో ఉంది, ఏళ్లు గడిచేకొద్దీ వాటి శక్తి తరిగిపోవడంలో ఉంది.

చిన్న ఇంజన్ల విషయంలో అందరికన్నా కఠినంగా ఉన్న కాలిఫోర్నియా సంగతి చూడండి. 2021లో చట్టం చేసి, 2024 నుంచి కొత్తగా తయారయ్యే చాలా రకాల చిన్న పెట్రోలు పరికరాల అమ్మకాన్ని అక్కడ ఆపారు. అయినా 45 సీసీ, ఆపైన ఉన్న చైన్‌సాలు ఆ నిషేధంలోకి రావు. అవి అక్కడి కేంద్ర చట్టం పరిధిలో ఉండటం దానికి కారణం, అది వేరే కథ. గీత ఎక్కడ పడిందో మాత్రం గమనించండి. ఆ గుత్తేదారు గారి నిద్రగన్నేరుకు కావలసింది గీతకు అవతల ఉన్న యంత్రమే.

చెట్లు ఎక్కేవాడు:

ఇంకో విషయం మరిచాను, అది చేతుల గురించి. ఏళ్ల తరబడి ఇంజను అదురు పట్టిన చేతులకు చలికాలం ఉదయాన వేళ్ల కొసలు తెల్లబడి స్పర్శ పోతుంది. యూరప్‌లో 2002 నాటి ఆదేశం ప్రకారం ఎనిమిది గంటల రోజు పనికి లెక్కగట్టిన ఆ అదురు 5 మీ/సె² దాటకూడదు, 2.5 దాటగానే యజమాని జాగ్రత్తలు మొదలుపెట్టాలి. ఇక్కడ మనకు కొలిచేవాడే లేడు. నాకు పనులు నేర్పిన పెద్దాయన ఇప్పుడు చొక్కా గుండీలు పెట్టుకోలేడు. షరతు రాసేవారు నివాసుల చెవులను తలచుకున్నారు, మంచిదే. ఎక్కేవాడి వేళ్లను కూడా కలిపి రాస్తే నేను దాన్ని పూర్తిగా సమర్థిస్తాను.

ఉప్పల్ గుత్తేదారు:

అందరికీ ధన్యవాదాలు. సంఘం వారితో కూర్చుని మాట్లాడాను. చెట్టు పైన జరిగే పనంతా బ్యాటరీతో, నిద్రగన్నేరు మాను కోత మాత్రం పిల్లలు బడిలో ఉండే వేళ, ఉదయం పదకొండు నుంచి ఒంటి గంట లోపు పెట్రోలుతో అని రాసుకున్నాం. పెట్రోలు రంపాన్ని సెల్లారు గాలిమార్గాలకు దూరంగానే నడపాలన్న వాక్యం మియాపూర్ మేడమ్ గారి మాట చదివాకే చేర్పించాను. పై పనికి చిన్న బ్యాటరీ రంపం ఒకటి, మూడు బ్యాటరీలతో కొన్నాను. రెండు రంపంతో తిరుగుతుంటే మూడోది కాపలా గదిలో ఛార్జింగ్‌లో ఉంటోంది, ఇప్పటిదాకా పని ఆగలేదు.

ఆగింది ఒకే ఒక్కసారి, అదీ బ్యాటరీ వల్ల కాదు. మూడో గుల్మొహర్‌లో ఎప్పుడో ఫ్లెక్సీ కట్టిన ఇనుప తీగ చెక్కలోకి కూరుకుపోయి ఉంది, పైనుంచి చూస్తే ఏమీ కనబడదు. చైన్ దానికి తగిలి నిప్పురవ్వ లేచింది, నాలుగు పళ్లు మొద్దుబారాయి. ఆ సన్నటి చైన్‌కు 3.2 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి కావాలట, నా పెట్టెలో ఉన్నవన్నీ 4, 4.8 సైజులవే. అది ఎక్కడ దొరుకుతుందో ఎవరైనా చెప్పగలరా?

రాణీగంజ్ మెకానిక్:

నా దగ్గర రెండున్నాయి. ఆదివారం తప్ప ఎప్పుడైనా రండి, ఆ చైన్‌ను కూడా తీసుకురండి.